పదిహేడో కాలమ్

బాపిరాజుని ఆకివీడు స్టేషనుకి అరమైలు దూరంలో, రైలుకట్ట పక్కనున్న తుంగలో పొడిచి చంపారు. జేబులో గడియారం అలాగే ఉంది. భుజాన ఉండాల్సిన సంచీ మాత్రం లేదు. కొల్లేటి లంకల్లో ఇంటింటికీ తిరిగి అతను నింపుకొచ్చిన సర్వే ఫారాలు ఆ సంచీలోనే ఉండేవి. చంపినవాళ్ళు చెప్పులు వెతకలేదు. ఎడమ చెప్పులో మడిచి దాచిన కాగితం పోలీసులకి దొరికింది. దానిమీద పెన్సిలుతో ఒక్క ముక్క: "అడిగినవి పదహారు ప్రశ్నలు. పట్టికలో కాలమ్‌లు పదిహేడు. ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఏలూరులో ఒక తివాచీల కొట్టు మేడమీద, స్పెషల్ బ్రాంచి సూపరింటెండెంటు ప్రసాదరావు ఆ కాగితాన్ని తన ఇన్‌స్పెక్టరు విశ్వాసం ముందు పెట్టాడు. అది 1939 అక్టోబరు మొదటివారం. యుద్ధం మొదలై నెల దాటింది. విశ్వాసం ఆ దస్తూరీని వెంటనే పోల్చుకున్నాడు. మిషన్ స్కూల్లో ఎనిమిదేళ్ళు ఒకే బెంచీమీద కూర్చున్నారు వాళ్ళిద్దరూ. అతను కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. సర్వే నడిపేది డాక్టర్ కెల్లర్. తటస్థ దేశం పాస్‌పోర్టుతో వచ్చి, లంకవాసుల ఆరోగ్యం కోసమని తాడేపల్లిగూడెంలో ఆఫీసు తెరిచాడు. అక్కడ టేబ్యులేషన్ క్లర్కు ఉద్యోగం ఖాళీగా ఉంది. విశ్వాసం ఏసుబాబు అనే పేరుతో చేరాలి. లోపల మద్రాసు పోలీసువాళ్ళు పెట్టిన మనిషి ఒకరున్నారు.

"ఆ మనిషి తివాచీల గురించి అడిగితే, మీరు చాపల గురించి చెప్పాలి," అన్నాడు ప్రసాదరావు. "అయితే ఒక సంగతండీ. ఆ మనిషి అటువైపు కూడా పనిచేస్తున్నట్టు మాకు అనుమానం."

విశ్వాసం నూనె రాసి పాపిడి తీసి, దళసరి కళ్ళద్దాలు పెట్టుకుని, సిగరెట్ కేసులో అమర్చిన కెమెరాతో రైలెక్కాడు.

ఆఫీసులో అతని బల్లమీద చేత్తో తిప్పే లెక్కల మిషనూ, ఆరువందల ఇళ్ళ ఫారాలూ పెట్టారు. ప్రశ్నలన్నీ అమాయకంగా ఉన్నాయి. ఇంట్లో దగ్గు ఎవరికుంది? చేప వారానికి ఎన్నిసార్లు తింటారు? మీ రేవులో పడవ గడ ఎంత తడుస్తుంది? ఆదివారం పొద్దున్న రేవులో ఎవరైనా ఉంటారా?

పదిహేడో కాలమ్ వీటిలోంచే పుట్టింది. దాని సూత్రం వేరే కాగితంమీద టైపు చేసి ఉంది. తడిసిన గడని మూరల్లో చెబితే ఒకటిన్నరతో, బారల్లో చెబితే ఆరుతో హెచ్చించాలి. అడుగులొస్తాయి. జవాబిచ్చిన నెలని బట్టి దాన్ని అక్టోబరు నీటిమట్టానికి సరిచేయాలి. ఆదివారం రేవు ఖాళీ అన్న ఇంటికి ఒకటి, కాదన్న ఇంటికి సున్నా వేసి, ఆ అంకెతో లోతుని మళ్ళీ హెచ్చించాలి. పైన "హెల్త్ ఇండెక్స్" అని పేరు.

విశ్వాసం మిషను పిడి తిప్పుతూ సగంలో ఆగిపోయాడు. మనుషులున్నచోట లోతెంతున్నా జవాబు సున్నా. మనుషులు లేనిచోట మాత్రం నీటిలోతు. ఏ రోగానికీ ఈ అంకెతో పనిలేదు. నీళ్ళమీద వాలే విమానానికుంది.

"ఏలూరు తివాచీలు ఈ ఊళ్ళో దొరుకుతాయాండీ?"

తలెత్తాడు. సువర్ణ. ఒకప్పుడు గ్రామఫోను రికార్డులకి పాడిన మనిషి. ఇప్పుడు కెల్లర్‌కి సెక్రటరీ. సంపెంగ రంగు పట్టుచీర, చేతిలో ఎర్ర పెన్సిలు.

"చాపలైతే దొరుకుతాయండి," అన్నాడు.

ఆమె ఫారాలు సరిచూస్తున్నట్టు వంగి, తగ్గుస్వరంలో మిగతాది చెప్పింది. బంగాళాఖాతంలో శత్రునౌక ఒకటి పొంచి ఉంది. ఆదివారం, పదిహేనో తారీఖున, దానిమీది విమానం కొల్లేటిలో వాలుతుంది. కొల్లేటికోట దగ్గర దాచిన పీపాల్లోంచి పెట్రోలు పోసుకుని, మెయిలు రైలు గోదావరి వంతెనమీద ఉండగా బాంబులు వేస్తుంది. శుక్రవారం సాయంత్రం ఆమే వైర్‌లెస్‌లో వాలే చోటు పంపాలి.

కెల్లర్‌ని ఇప్పుడే పట్టుకుంటే నౌక మరో చెరువు వెతుక్కుంటుందని ఏలూరు నుంచి కబురొచ్చింది. విమానమే చిక్కాలి. లోతులేని నీళ్ళలో దిగితే అది మళ్ళీ లేవలేదని విశ్వాసం లెక్కవేసుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం దక్షిణపు లంకలోని నలభైమూడు ఫారాలు తీసి, మూర అన్నచోటల్లా బార అని దిద్దాడు. రెండడుగుల చిల్లర లోతు పట్టికలో తొమ్మిదడుగులైంది. ఆ లంకే జాబితాలో మొదటికొచ్చింది.

సరిచూడాల్సింది సువర్ణే. ఆమె పెన్సిలు ఆ వరుస దగ్గర ఆగింది. గుమ్మంలో కెల్లర్ నిలబడి ఉన్నాడు.

"ఈ ఇళ్ళవాళ్ళంతా బారల్లోనే చెప్పారాండీ?"

"చెప్పారండి."

"మా అమ్మమ్మగారిది ఆ లంకేనండీ," అంది. అంతే. పొడి అక్షరాలు సంతకం చేసి, పట్టిక తీసుకుని కెల్లర్ వెంట మేడమీదికి వెళ్ళింది. పైన ఏ అంకె పంపిందో అతనికి తెలియదు.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి విశ్వాసం దక్షిణపు లంక పక్క తుంగలో, హన్నమ్మ అనే ముసలామె పడవలో దాక్కున్నాడు. పోలీసులు వెనక రెండు పడవల్లో ఉన్నారు. అతను చేతి గడియారం చూడటం, చెమట తుడుచుకోవడం, మళ్ళీ చూడటం. కాసేపటికి కెల్లర్, సువర్ణ ఒక నాటుపడవలో వచ్చారు. ఆమె చేతిలో తెల్లజెండా, కాళ్ళ దగ్గర ఎర్రజెండా. తెల్లనిది దిగమని, ఎర్రనిది పొమ్మని.

తూర్పున మోత వినిపించింది. విమానం ఒక చుట్టు తిరిగి కిందికి దిగుతోంది. కెల్లర్ ఎందుకో గడ తీసి నీళ్ళలో దించాడు. పైకి లాగి చూశాడు. మూరన్నర తడిసింది. ఒక్క అంగలో ఎర్రజెండా అందుకోబోయాడు. సువర్ణ దాన్ని కాలితో నీళ్ళలోకి తోసేసి, తెల్లజెండా ఇంకా ఎత్తుగా పట్టుకుంది. అతను పిస్తోలు తీశాడు. అప్పటికే హన్నమ్మ పడవ తుంగని చీల్చుకొచ్చింది. విశ్వాసం చేతిలోని గడ కెల్లర్ మణికట్టుమీద పడింది. తూటా ఆకాశానికి పోయింది.

విమానం నీళ్ళని తాకి, ఇరవైగజాలు జారి, ముక్కు కిందికి పెట్టి నిలిచిపోయింది. పోలీసు పడవలు దాన్ని చుట్టుముట్టాయి.

సువర్ణ కూలబడి, పంపింది మీ అంకేనండీ అని మెల్లగా చెప్పింది. బాపిరాజుకి ఆ పట్టిక చూపించింది కూడా తనేనంది. విశ్వాసం ఆమెకి మంచినీళ్ళ చెంబు అందించాడు.

హన్నమ్మ మాత్రం గడ ఆనించుకుని, బురదలో కూరుకుపోతున్న విమానాన్ని చాలాసేపు చూసింది.

"మా ఇంటికీ వచ్చి అడిగారు బాబూ, గడ ఎంత తడుస్తుందని," అంది. "కింద ఒండ్రు ఎంతుందో ఒక్కరూ అడగలేదండీ."