ఎక్కువ ఇస్తామన్న కాలేజీ

శనివారం పొద్దున డెనీస్ పెనం మీద ప్లోయ్‌లు పోస్తోంది. ఒకవైపే కాలే ఆ పల్చటి అట్ల మీద చిల్లులు పడగానే తీసి, బట్ట కప్పిన పళ్ళెంలో పేరుస్తోంది. కిటికీ అవతల ఏప్రిల్ చివరి మంచు మురికిపట్టి గరాజ్ గోడ వారన ఇంకా మిగిలే ఉంది. నదికి ఆవలి ఒడ్డున పేపర్ మిల్లు పొగ పైకి పోకుండా ఊరి మీదికే వంగుతోంది.

"మళ్ళీ వచ్చాడు," అంది మెమేర్ తన కుర్చీలోంచి.

మెమేర్ డెనీస్‌కు అత్తగారు. మనవరాలు ఎలీస్‌కు మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో అందరూ ఆమెను అలాగే, నాయనమ్మ అన్నట్టుగా, పిలుస్తారు.

"ఎవరొచ్చారు మెమేర్?"

"ఎమీల్. ఇప్పుడే వెనక తలుపు దగ్గర ఉన్నాడు. నీకు వాసన రావట్లేదూ?"

డెనీస్ చేతిలో గరిటె ఆగిపోయింది. ఎమీల్ ఆ ముసలామె భర్త. ఆయన పోయి పాతికేళ్ళు దాటింది. ఆయన ఇంట్లో తిరుగుతున్నాడని కొన్నాళ్ళుగా పెద్దావిడ అంటూనే ఉంది. మొదట్లో నవ్వుకున్నారు. ఇప్పుడు నవ్వడం లేదు.

"పొద్దున మాత్ర వేసుకున్నారా?"

"మాత్రకీ ముక్కుకీ ఏం సంబంధమే!"

వెనక తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చింది డెనీస్ భర్త నార్మాండ్, తెల్లవారుజామున వెళ్ళిన మిల్లు పని దిగి. తల తడిగా ఉంది, బట్టలు మార్చుకుని ఉన్నాడు. పని బట్టలు ఇంట్లోకి తేవడం మానేసి షెడ్డులోనే వదులుతున్నాడు ఈమధ్య. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"హాల్‌బ్రూక్ దొరసానిగారు లేచారా?" అని మెట్ల వైపు కేకేశాడు.

"లేచాను నాన్నా. ఊరంతా లేచింది నీ గొంతుకి," అంటూ ఎలీస్ కిందికి దిగింది.

"ఇవాళ ఆ కాలేజీకి వస్తానని బటన్ నొక్కేస్తున్నావు కదా? సోమవారం బళ్ళో అందరూ వాళ్ళ వాళ్ళ కాలేజీ చొక్కాలు వేసుకొస్తారు. నీది తెచ్చేశాను, ఎర్రది. మిల్లులో అందరికీ చెప్పాను కూడా. మా అమ్మాయికి మొత్తం వాళ్ళే ఇస్తున్నారని."

"నొక్కుతాను. మా టీచర్ మిసెస్ హాస్కెల్ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చూసుకోమన్నారు."

"చూడ్డానికేముంది? హాల్‌బ్రూక్ వాళ్ళు ఏడాదికి యాభై ఎనిమిది వేల డాలర్లు ఇస్తామన్నారు. స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఇరవై వేలు. నాకు హైస్కూలు చదువే కానీ ఏది పెద్దదో తెలీదా?" అన్నాడు. ఆ మాట నవ్వుతూనే అన్నాడు కానీ, నవ్వు చివర దగ్గు వచ్చింది. అది లోపలి నుంచి గీరుకుంటూ వచ్చే దగ్గు. ఒక ప్లోయ్‌ని వెన్న రాసి చుట్టుకుని, "ట్రక్కు చూడాలి" అంటూ మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు. భార్య కళ్ళలోకి మాత్రం చూడలేదు.

ఎలీస్ బల్ల మీద రెండు ఉత్తరాలు పరుచుకుంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కబోయే మొదటి మనిషి తనే. హాల్‌బ్రూక్ వాళ్ళది మందపాటి కాగితం. స్టేట్ యూనివర్సిటీది ఇంట్లో ప్రింటు తీసుకున్నది. మిసెస్ హాస్కెల్ క్లాసులో చెప్పిన పద్ధతి చాలా మామూలుది. "పెద్దక్షరాల మొత్తం చూడకండి. ముందు తిరిగి కట్టాల్సినవి కొట్టెయ్యండి. తర్వాత మీరు పనిచేసి సంపాదించుకోవాల్సినవి కొట్టెయ్యండి. మిగిలిందే మీకు ఎవరైనా ఇచ్చింది."

ముందు స్టేట్ వాళ్ళది పట్టుకుంది. విద్యార్థి అప్పు కొట్టేసింది. మిగిలినదంతా ఉచితంగా ఇచ్చేదే. అది పోను తాము వేసుకోవాల్సింది కొంచెమే. ఎండాకాలం అంతా సరస్సు దగ్గరి హోటల్లో పనిచేస్తే చాలావరకు వస్తుంది.

తర్వాత హాల్‌బ్రూక్. విద్యార్థి అప్పు కొట్టేసింది. క్యాంపస్ ఉద్యోగం కొట్టేసింది. చివరి వరుస దగ్గర పెన్సిల్ ఆగింది. పేరెంట్ ప్లస్, ఇరవై నాలుగు వేలు. అప్పు అన్న మాట ఆ వరుసలో ఎక్కడా లేదు. మిగతా సాయాలతో పాటు అదీ కూడేసి, అడుగున 'మీరు చెల్లించవలసినది: సున్నా' అని వేశారు. ఫోన్లో వెతికింది. చదివింది. రెండోసారి చదివి ఆ వరుసనీ కొట్టేసింది.

"అమ్మా, ఇది వాళ్ళు ఇవ్వడం కాదు. నాన్న తీసుకోవాల్సిన అప్పు. ఏడాదికి ఇరవై నాలుగు వేలు. నాలుగేళ్ళూ తీసుకోవాలి."

డెనీస్ వెనక్కి తిరగలేదు. పెనం మీద అట్టు మాడుతోంది.

"అమ్మా! నీకు తెలుసా?"

"పొయ్యి కట్టేయనీ."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు," అంది డెనీస్. "మొదట మాకూ తెలీదు. మీ నాన్న ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. తర్వాత కాలేజీకి ఫోన్ చేశాడు, డబ్బు ఎప్పుడొస్తుందని అడగడానికి. ఫోనెత్తిన పిల్ల ఎంతో మర్యాదగా చెప్పిందట, అప్పుకి మీరు దరఖాస్తు పెట్టుకోవాలండీ అని. ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు పెట్టేశాడు. మంజూరైంది కూడా."

"దేంతో కడతాడట?"

 జవాబు మెమేర్ దగ్గర్నుంచి వచ్చింది.

"వాడు బ్లీచింగ్ సెక్షన్‌లో చేస్తున్నాడు. కాదుటే?"

ఇద్దరూ ఆమె వైపు చూశారు. ముసలామె కళ్ళు తేటగా ఉన్నాయి.

"నాకు మతిపోయిందనుకున్నారు కదూ మీరంతా. పెళ్ళయిన నాటి నుంచీ ఆ వాసనతో పడుకున్నదాన్ని. కాగితం గుజ్జుని తెల్లబరిచే ఆ క్లోరిన్ దిండుకి పట్టేది, రొట్టెకి పట్టేది. ఎమీల్ వచ్చాడనే అనుకున్నాను నేను. ఎమీల్ కాదు. వాడు."

ఎలీస్ తల్లి చెయ్యి పట్టుకుంది. చలికాలంలో నార్మాండ్ ఊపిరితిత్తులకు నిమ్ము చేసి ఆస్పత్రిలో పడుకున్నాడు. పొగలూ ఆవిర్లూ ఉన్న చోటికి వెళ్ళొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. అందుకే మిల్లులో ఆయన్ని కాగితం కోసే సెక్షన్‌లో ఉంచారు.

"శని, ఆదివారాలు ఓవర్‌టైమ్ అన్నాడు," అంది డెనీస్. "ఏ సెక్షనో చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయమేసింది."

ఎలీస్ రెండు ఉత్తరాలూ తీసుకుని చెప్పులతోనే బురదలోకి దిగింది. నార్మాండ్ ట్రక్కు బానెట్ తెరిచి నిలబడి ఉన్నాడు. పనేమీ చెయ్యడం లేదు. బానెట్ అంచు పట్టుకుని ఊపిరి కూడగట్టుకుంటున్నాడు.

"నాన్నా, నువ్వు బ్లీచింగ్‌లో చేస్తున్నావా?"

"ఎవరు చెప్పారు?"

"మెమేర్ ముక్కు చెప్పింది."

"ముసలమ్మకి ఇంకో పనిలేదు," అన్నాడు. కానీ తలుపు దగ్గరికి తల్లి, భార్య వచ్చి నిలబడటం చూసి గొంతు తగ్గించాడు. "కొన్నాళ్ళే. నీ చదువు అయ్యేదాకా."

"అది కొన్నాళ్ళా? నాలుగేళ్ళు! ఆ తర్వాత ఆ అప్పు కట్టడానికి ఇంకెన్నేళ్ళు? అప్పటికి నువ్వుంటావా?"

"నోర్ముయ్!" అంది డెనీస్ అదిరిపడి. కానీ ఆ మాట బయటికి వచ్చేసింది. ఎవరూ దాన్ని వెనక్కి తోసెయ్యలేకపోయారు.

నార్మాండ్ ముఖం ఎర్రబడింది. "నీకేం తెలుసు? మా నాన్న అక్కడే చేసి నన్ను పెంచలేదూ?"

"పెంచాడు," అంది మెమేర్ గుమ్మం పట్టుకుని. "నీ పెళ్ళికి లేడు. దీన్ని ఎత్తుకోలేదు. ఆ సంగతి కూడా చెప్పు పిల్లకి."

 నార్మాండ్ తల దించుకున్నాడు. మాట్లాడినప్పుడు గొంతు వేరేగా ఉంది.

"పెద్ద సంఖ్య చూసి అనుకున్నానమ్మా, వీళ్ళకి నువ్వంటే ఎక్కువ ఇష్టం అని. స్టేట్ వాళ్ళు ఇరవై అన్నారు, వీళ్ళు యాభై ఎనిమిది అన్నారు. అంత ఇచ్చి మరీ పిలుస్తున్నారంటే మాటలా? నన్ను కావాలని పిలిచినవాళ్ళు ఎవరూ లేరు, ఒక్క మిల్లు తప్ప. నిజం తెలిశాక ఏ మొహంతో చెప్పను నీకు? వాళ్ళు పిలవలేదు, నేనే కొనిస్తున్నానని ఎలా చెప్పను?"

  నిజానికి ఎలీస్ కూడా అలాగే అనుకుంది. ఆ సంఖ్య చూసిన రోజు తను కూడా అద్దంలో తనని తాను కొత్తగా చూసుకుంది. తండ్రీకూతుళ్ళది ఒకటే పొరపాటు. కాకపోతే దాని ఖరీదు ఒక్కరి ఊపిరితోనే చెల్లిపోతోంది.

"ఇలా చూడు నాన్నా." ట్రక్కు మడ్‌గార్డు మీద రెండు కాగితాలూ పరిచింది. "నేను కొట్టేసినవి వదిలెయ్. మిగిలింది చదువు. పైకి చదువు."

నార్మాండ్ మొద్దుబారిన వేలితో వరుసలు వెతుక్కుంటూ చదివాడు. హాల్‌బ్రూక్‌లో మిగిలింది పెద్ద మొత్తమే, కానీ అక్కడి ఖర్చులో సగానికి కూడా రాదు. స్టేట్‌లో మిగిలింది చిన్నదే, కానీ అక్కడి ఖర్చు దాంతో చాలావరకు తీరిపోతుంది. ఆయన ఒకసారి చదివి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివాడు.

"మరి ఖర్చుని బట్టి చూస్తే స్టేట్ వాళ్ళే కదా ఎక్కువ ఇస్తున్నది," అన్నాడు ఆశ్చర్యంగా.

"అవును నాన్నా."

"ఇన్నాళ్ళూ స్టేట్ వాళ్ళే."

"అవును."

"నీకు ఆ కాలేజీ ఇష్టం కదే. ఆ రాతి భవనాలు, ఆ లైబ్రరీ... చూసిన రోజు ఇంటికొచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నావు."

"ఇష్టమే," అంది ఎలీస్. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాలేదు. కళ్ళు నిండాయి. "ఇప్పటికీ ఇష్టమే. కానీ నువ్వు దగ్గుతుంటే అక్కడ కూర్చుని నేను ఏం చదవను?"

నార్మాండ్ ఆమె తల మీద చెయ్యి వెయ్యబోయి, చేతికి గ్రీజు ఉందని ఆగాడు. ఎలీసే ఆ చేతిని లాక్కుని చెంపకు ఆనించుకుంది. గ్రీజు కింద నుంచి ఆ వాసన ఆమెకు మొదటిసారి తెలిసింది. ఘాటుగా, చర్మంలోకి ఇంకిపోయి ఉంది.

"డబ్బు ఇంకా రాలేదు," అంది డెనీస్ మెట్ల మీద నుంచి. "రాకముందే వద్దని చెబితే అప్పు రద్దవుతుందట. కనుక్కున్నాను." కనుక్కుని ఇన్నాళ్ళూ నోరు మెదపలేకపోయిన సంగతి ఆమె ముఖంలోనే ఉంది. 

లోపల బల్ల దగ్గర ఎలీస్ స్టేట్ యూనివర్సిటీలో చేరతానని బటన్ నొక్కింది. నార్మాండ్ నిలబడే చూశాడు. అది అయ్యాక ఫోన్ తీసి, మిల్లులో తన ఫోర్‌మన్ నంబరు నొక్కాడు.

"గయ్, నేను నార్మాండ్‌ని. రేపటికి బ్లీచింగ్‌లో నా పేరు తీసెయ్. రేపటికే కాదు, అన్నిటికీ... లేదు, ఎవరితోనూ గొడవ కాలేదు... మా అమ్మాయి వద్దంటోంది."

అవతలి మనిషి ఏదో అడిగాడు. నార్మాండ్ గోడ వైపు తిరిగాడు. ఊరంతటికీ తను గొప్పగా చెప్పుకున్న మాట గురించే అడుగుతున్నాడని ముగ్గురు ఆడవాళ్ళకూ అర్థమైంది. 

"మొత్తం వాళ్ళే ఇస్తున్నారని చెప్పాను, అవును," అన్నాడు నార్మాండ్ నెమ్మదిగా. "తప్పు చదివాను గయ్. మా అమ్మాయి సరిగ్గా చదివింది."

ఇంకేదో చెప్పబోయాడు కానీ దగ్గు తెర కమ్ముకొచ్చింది. డెనీస్ ఒకవైపు నుంచి, ఎలీస్ మరోవైపు నుంచి పట్టుకున్నారు. అది చాలాసేపు వదలలేదు. వదిలేదాకా ఇద్దరూ ఆయన్ని వదలలేదు.