నాలుగో యంత్రం జవాబు

కీలుంగ్ రేవులో, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డ ఒక పాత భవనం ఉంది. దాని పైగదికి రాత్రిపూట ఒంటరిగా ఎవరూ వెళ్లరు.

పగలు వెళ్తారు. ఇద్దరిద్దరుగా వెళ్తారు. వెళ్లినా ఒక చోటు దగ్గర మాత్రం గోడవైపు జరిగి, అడుగు తేలిగ్గా వేసి, గబగబా దాటిపోతారు.

ఆ భవనంలో లిఫ్టు మూడు తర్వాత ఐదుకి పోతుంది. నాలుగు చావు అంకె అని కీలుంగ్ ఉన్న ఆ దీవిలో పసిపిల్లలకి కూడా చెప్పక్కర్లేదు; అక్కడి భాషలో ఆ రెండు మాటలూ దాదాపు ఒకేలా పలుకుతాయి. పైగదిలో వరుసగా నిలబెట్టిన సర్వర్లకీ అదే లెక్క. ఒకటి, రెండు, మూడు... ఆ తర్వాత ఐదు. చివరిది పన్నెండు. లెక్కపెడితే పదకొండే ఉంటాయి.

మూడుకీ ఐదుకీ మధ్య, ఒక మనిషి నిలబడేంత ఖాళీ.

ఆ ఖాళీలోంచే — ప్రతి రాత్రీ — జవాబు వస్తుంది.

ఎలా వస్తుందంటే... ఆ యంత్రాల బాగోగులు చూడటానికి ఒక స్క్రిప్టు, అంటే చేయాల్సిన పనుల్ని వరసగా రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం, ఉంది. అర్ధరాత్రి దాటి ఒంటిగంట కొట్టగానే దానంతటదే లేస్తుంది. బడిలో హాజరు పిలిచినట్టు ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు లెక్కపెట్టుకుంటూ ఒక్కొక్కదాన్నీ పిలుస్తుంది. "నీకు చెప్పిన పని అయిందా? ఎలా ఉన్నావు?" అని అడుగుతుంది. వచ్చిన జవాబుని ఒక చీటీ మీద రాసుకుని పెట్టెలో వేసుకుంటుంది. అందర్నీ పిలవడం అయ్యాక పెట్టె తెరిచి, మొదటి చీటీ నుంచి చివరి చీటీ దాకా మళ్లీ ఒక చుట్టు తిరిగి, ఒక్కొక్కటే చదివి నివేదిక రాస్తుంది.

తెల్లారేసరికి ఆ నివేదిక అందరి ఫోన్లలోనూ ఉంటుంది.

ఒకటి — బాగుంది. రెండు — బాగుంది. మూడు — బాగుంది.

నాలుగు — బాగుంది.

మొదట్లో ఒక ఇంజనీరు నవ్వి, "ఏదో పొరపాటు" అంటూ ఆ నాలుగుని తీసేశాడట. ఆ రాత్రే తుపాను వచ్చింది. నేలమాళిగలో జనరేటరు మునిగింది. భవనమంతా చీకటి. మర్నాడు పొద్దున ఆ ఇంజనీరు సగం తాగిన టీ కప్పు బల్ల మీదే వదిలేసి వెళ్లాడు. మళ్లీ రాలేదు. నాలుగుని తిరిగి చేర్చారు. అప్పట్నుంచి ఆ స్క్రిప్టు మీద ఎవరూ చెయ్యి వేయలేదు.

ఆ గదికి పెద్ద కో దషెంగ్. యాభై దాటిన మనిషి, నోరు కత్తి. అంతటివాడూ ఆ ఖాళీ ముందు మాత్రం వంగేవాడు. యంత్రాలు మాట వినాలని అక్కడి ప్రతి సర్వర్ గదిలోనూ పెట్టే ఆకుపచ్చ చిరుతిండి పొట్లాన్ని ఖాళీ మధ్యలో నిలబెట్టేవాడు. పక్కన మూడు అగరువత్తులు, వెలిగించనివి. పొగ వస్తే గదిలో అగ్నిప్రమాదం గంటలు మోగుతాయి మరి.

ఇదంతా తెలియకుండానే లాన్ యీచెన్ ఆ ఉద్యోగంలో చేరింది. చేరిన మూడో నెలలో, చచ్చినవాళ్లు బతికున్నవాళ్ల మధ్య తిరుగుతారని అక్కడివాళ్లు నమ్మే దెయ్యాల నెల వచ్చింది.

ఆ రాత్రి వాన. కీలుంగ్‌లో వాన లేని రాత్రి ఎప్పుడుందిలే... కానీ ఆ రాత్రి వాన కిటికీలని గోళ్లతో గీరుతున్నట్టు పడుతోంది.

యీచెన్‌కి చెప్పిన పని చిన్నదే. ఒక ఆసుపత్రి పదకొండేళ్లుగా తీసిన స్కాన్ బొమ్మలు ఒకటో యంత్రంలో ఉన్నాయి. వాటి నకళ్లు తొమ్మిదో యంత్రంలోకి చేరాయట. సరిగ్గా రెండు గంటలకి ఒకటో యంత్రంలో ఉన్నదంతా తుడిచేయాలి. పొద్దున ఆరింటికి లారీ వచ్చి దాన్ని పాత ఇనుములోకి తీసుకుపోతుంది. ఒక్క మీట నొక్కాలి — అంతే.

ఐదో అంతస్తులో లిఫ్టు తెరుచుకుంది. ఎదురుగా ఆమాన్ పిన్ని, గదులు తుడిచే మనిషి, బకెట్‌తో నిలబడి ఉంది.

"ఒక్కదానివే వచ్చావా?" అంది గొంతు తగ్గించి.

"నాకు తోడు ఎవరొస్తారు పిన్నీ?"

"ఈ నెలలో రాత్రిపూట ఎవర్నీ పేరు పెట్టి పిలవకూడదని మా అమ్మ చెప్పేది. మీ స్క్రిప్టేమో అందర్నీ వరసపెట్టి పిలుస్తుంది. లేనిది కూడా పలకదా మరి?"

యీచెన్ నవ్వబోయింది. పిన్ని నవ్వలేదు.

"ఇవాళ తుడిచేసేవాటిలో మా ఆయన ఊపిరితిత్తుల బొమ్మలూ ఉన్నాయటగా?"

"నకళ్లున్నాయి పిన్నీ. కంగారు పడకు."

"ఆర్నెల్లకోసారి డాక్టరు పాత బొమ్మ పక్కన కొత్త బొమ్మ పెట్టి చూస్తాడు. మచ్చ పెరిగిందో లేదో పాతదాన్ని బట్టే చెప్తాడు. పాతది లేకపోతే..." పిన్ని మాట మింగేసింది. "ఉన్నాయిగా. నువ్వు చెప్తున్నావుగా."

బకెట్ తీసుకుని లిఫ్టు ఎక్కింది. తలుపులు మూసుకున్నాయి.

యీచెన్ గదిలోకి వెళ్లింది. చలి. పదకొండు యంత్రాల ఫ్యాన్లు ఒకే గొంతుతో మూలుగుతున్నాయి. ఖాళీ పక్కనుంచి నడుస్తుంటే మెడ మీద ఎవరో ఊదినట్టయింది... ఏసీ గాలే. ఏసీ గాలే అనుకుంది.

ఒంటిగంట కొట్టింది. స్క్రిప్టు లేచింది. తెర మీద వరుసలు ఒక్కొక్కటే పడ్డాయి.

మూడు — బాగుంది.

నాలుగు — బాగుంది.

తొమ్మిది — బాగుంది.

యీచెన్ ఆ మూడు వరుసల్నీ చూస్తూ ఉండిపోయింది. రెండింటికి ఆ మీట నొక్కగలనా అనుకుంది.

లేనిది "బాగుంది" అని చెబుతోంది. అయితే... ఉన్నది చెప్పే "బాగుంది"కి విలువేముంది?

తొమ్మిదిని నేరుగా తెరిచి చూద్దామంటే దాని తాళం కో దగ్గరే ఉంది. ఆమె చేతిలో ఉన్నది ఆ స్క్రిప్టు ఒక్కటే. ఎవరూ చెయ్యి వేయని స్క్రిప్టు.

ఫోను మోగింది. కింద మూడో అంతస్తు నుంచి కో.

"మొదలుపెట్టావా?"

"సార్... తొమ్మిదిని ఒక్కసారి చూశాక—"

"నివేదిక వచ్చిందా?"

"వచ్చింది."

"ఏమంది?"

"బాగుందనే అంది. కానీ నాలుగు కూడా అదే—"

"దాని పేరెత్తకు!" కో గొంతు ఒక్కసారిగా బుసకొట్టింది. "ఈ నెలలో, ఈ వేళప్పుడు! నిన్న వచ్చినదానివి, నువ్వు నాకు చెప్తావా? రెండింటికి నొక్కు. ఒక మీట నొక్కడానికి కూడా చేతకాకపోతే రేపు పొద్దున ఆ లారీలోనే నువ్వూ వెళ్లిపో."

ఫోను పెట్టేశాడు.

గోడ మీద గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది.

యీచెన్ స్క్రిప్టుని తెరిచింది. అందులో ఎన్ని ముడులున్నాయో, ఎవరు ఎప్పుడు వేశారో... పైనున్న ఒక్క వరుస మాత్రం ఆమెకి అర్థమైంది. యంత్రాల్ని అడిగే ప్రశ్న. దాన్ని చెరిపేసి, ఇంకో ప్రశ్న రాసింది.

"నీ పేరేమిటి?"

అంతే. బతికున్న ఏ యంత్రమైనా తన పేరు చెబుతుంది. తప్పించుకోలేదు. ఆ ఖాళీలో ఉన్నదెవరో ఇవాళ తేలిపోవాలి.

నడిపింది. గదిలో ఫ్యాన్ల హోరు మారినట్టనిపించింది. వాన ఆగినట్టు... లేదు, పడుతూనే ఉంది.

తెర మీద మొదటి వరుస.

ఒకటి — నేను ఒకటిని.

రెండు — నేను రెండుని.

మూడు — నేను మూడుని.

ఆగింది. మిగతావాటికి పట్టనంత సేపు ఆగింది. యీచెన్ తల తిప్పి ఖాళీ వైపు చూడలేదు. చూడాలనిపించింది... చూడలేదు.

నాలుగు — బాగుంది.

పేరు అడిగితే బాగుందంటోంది! అడిగినదేమిటో విననట్టు, వినే చెవులే లేనట్టు, ఎప్పుడూ చెప్పే ఒక్క మాటే చెబుతోంది.

ఐదు — నేను ఐదుని. ఆరు — నేను ఆరుని. ఏడు. ఎనిమిది.

మళ్లీ ఆగింది.

యీచెన్ తెర మీదికి వంగింది.

తొమ్మిది — బాగుంది.

ఆమె లేచింది. కుర్చీ వెనక్కి పడింది. తొమ్మిదో యంత్రం ముందుకి పరుగెత్తింది. ఆకుపచ్చ దీపాలు వెలుగుతున్నాయి. ఫ్యాను తిరుగుతోంది. చెయ్యి పెడితే వెచ్చగా కూడా ఉంది... బతికున్నదానిలాగే ఉంది.

వెనక తలుపు ధడాలున తెరుచుకుంది.

కో. వానలో తడవకపోయినా తడిసినట్టు చెమట. "స్క్రిప్టు రెండోసారి నడిచింది. ఎవరు నడిపారు?"

"నేనే."

"నా మాటకి విలువ లేదా? ఆ పొట్లం ఎందుకు పెట్టానో, ఆ వత్తులు ఎందుకు పెట్టానో నీకు తెలుసా? ఏడేళ్లుగా కదిలించకుండా కాపాడుకొస్తున్నాను. నువ్వు వచ్చి దాన్ని పేరడుగుతావా!"

"అడిగాను సార్. చెప్పలేదు. తొమ్మిది కూడా చెప్పలేదు."

కో వినలేదు. కుర్చీని కాలితో తన్ని, తెర ముందుకి వంగాడు. గడియారంలో ఒకటీ యాభై ఆరు. "తప్పుకో. నేనే నొక్కుతాను. నీలాంటి పిరికిదాన్ని తీసుకోవడం నాదే తప్పు."

ఆయన వేలు మీట మీదికి వెళ్లింది. యీచెన్ తన అరచేతిని మీట మీద పరిచింది.

"చెయ్యి తియ్యి."

"తియ్యను."

"ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి. తాళం మీ దగ్గరుంది. తొమ్మిది తెరిచి చూపించండి. లోపల బొమ్మలుంటే నా చేత్తో నేనే నొక్కి, ఈ రాత్రే వెళ్లిపోతాను. ఇంకెప్పుడూ మీ కంట పడను."

"సరే" అన్నాడు కో, పళ్ల మధ్య నుంచి. "చూడు. చూసి, ముఖం తుడుచుకుని పో."

జేబులోంచి తాళం తీశాడు. తొమ్మిది తలుపు తెరిచాడు. చిన్న తెర ఒకటి తగిలించి, కీబోర్డు మీద విసురుగా నాలుగు మాటలు కొట్టాడు.

తెర వెలిగింది.

బొమ్మలున్నాయి. ఫిబ్రవరి ఒకటిన వచ్చినవి. ఫిబ్రవరి రెండున వచ్చినవి. మూడున వచ్చినవి కొన్ని... ఆ తర్వాత ఏమీ లేదు. పదకొండేళ్ల బొమ్మల్లో మూడు రోజుల్లో నకలు తీయగలిగినన్నే ఇటు చేరాయి. అక్కడ నకలు తీసే పని గుడ్లు తేలేసింది, దానితోపాటే పిలుపు వినే పనీ. దీపం వెలుగుతూనే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆర్నెల్లుగా ఎంత పిలిచినా అది ఒక్కసారి కూడా పలకలేదు.

కానీ ప్రతి పొద్దునా నివేదికలో దాని పేరు పక్కన ఉన్నది — బాగుంది.

రెండు గంటలు కొట్టింది. ఎవరూ మీట నొక్కలేదు.

కో చిన్న తెరని పక్కకి తోశాడు. గది అదిరేలా అరిచాడు. "పలకనిదాన్ని బాగుందని ఎవడు రాయమన్నాడు? పదకొండేళ్లు! వేలమంది! ఇందాక నా చేత్తోనే నొక్కేసేవాణ్ణి... ఎవడు వాడు? ఏ వెధవ రాశాడీ స్క్రిప్టు? ఎక్కడున్నా సరే పట్టుకొస్తాను. మళ్లీ ఏ గదిలోనూ అడుగు పెట్టనివ్వను!"

యీచెన్ అప్పటికే కుర్చీ లేపి కూర్చుంది. స్క్రిప్టులో కిందికి, ఇంకా కిందికి పోతోంది. పిలిచే చోటు దాటింది. చీటీలు పెట్టెలో వేసుకునే చోటు దాటింది. చీటీల్ని ఒక్కొక్కటే తీసి చదివే చోటు దగ్గర ఆగింది.

నాలుగుని పిలవడంలో వింతేమీ లేదు. ఒకటి నుంచి పన్నెండు దాకా లెక్కపెట్టమంటే స్క్రిప్టు నాలుగుని కూడా లెక్కపెడుతుంది. చావు అంకె అని దానికెవరు చెప్పారు? నాలుగు లేదు కాబట్టి పలకదు. పలకకపోతే పెట్టెలో పడేది ఖాళీ చీటీ. తొమ్మిదిదీ ఖాళీ చీటీయే. ఖాళీ చీటీ చేతికొస్తే చదివేది లేక స్క్రిప్టు అక్కడే కూలబడాలి. కూలబడితే పొద్దున నివేదిక రాదు. రాకపోతే అందరికీ తెలిసేది.

కూలబడకుండా ఎవరో ఒక్క వరుస చేర్చారు.

"చీటీ ఖాళీగా ఉంటే — 'బాగుంది' అని చదువు."

"ఇదే సార్" అంది యీచెన్ నెమ్మదిగా.

"రాసినవాడి పేరుందా?"

ఉంది. ఆ వరుస పక్కనే, తెర అంచు దాటిపోయి, సన్న అక్షరాల్లో ఏదో రాసుంది. యీచెన్ తెరని పక్కకి జరిపింది. ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. బయటికి చదవలేదు. కుర్చీ వెనక్కి జరుపుకుని, ఆయన చూసేందుకు దారి ఇచ్చింది.

కో కళ్లద్దాలు సరిచేసుకుని వంగాడు. ఏడేళ్ల కిందటి తేదీ. దాని పక్కన —

"ఈ ఒక్క రాత్రికి ఇలా ఉండనీ. రేపు సరిచేస్తాను. — కో దషెంగ్."