ఎవల కుర్చీల వాళ్ళే కూసోవాలె

శంషాబాద్ బస్టాండ్ ఎదురుంగ టైర్ల దుకాణం, దాని మీది అంతస్తుల కౌన్సిలింగ్ మేడం రూము. కింద రబ్బరు వాసన, మీద అగర్‌బత్తి వాసన. మూలకు ఒక కూలరు, నడుమ రెండు ప్లాస్టిక్ కుర్చీలు. నమ్మితె నమ్ముండ్రి, లేకుంటె చాయ్ తాగి లేశిపోండ్రి. గిసొంటి ముచ్చట చెప్పేటోడు ఆరాంఘర్ దాంక ఎతికినా ఇంకొకడు దొరకడు.

శ్రావణ్‌కుమార్‌ది పాల్మాకుల. ఎయిర్‌పోర్ట్ కాడ క్యాబ్ తోల్తడు. మనిషి ఎంత బరువంటే, ఆయన ఎక్కితె క్యాబ్ ఒక దిక్కు ఒంగుతది. గంత మనిషి పెండ్లాం బీమారికి సగమైండు.

పెండ్లాం మంజుల గొంతుల నీళ్ళు దిగుతలేవు. అత్త ఈరమ్మ పాణం పోయేటప్పుడు మంచంలకెళ్ళి "కోడలా, జర నీళ్ళు తే" అని పిల్శింది. మంజుల టీవీల సీరియల్ చూస్తుండె. "వస్తున్న అత్తా" అన్నది గని లేవలే. ముసల్ది తెర్శిన నోరు తెర్శినట్టే పోయింది. గప్పటి సంది మంజుల చెంచెడు నీళ్ళు తాగినా కక్కుడే. పెదవులు పలిగినయ్. కండ్లు లోపలికి గుంజుకపోయినయ్.

దవాఖానల సెలైన్ ఎక్కిచ్చి, గిది మనసు బీమారి అన్నరు. మైలార్‌దేవ్‌పల్లిల ఒక సారు "తప్పు నీదే అనెటందుకు సాక్ష్యం ఏంది, కాదనెటందుకు ఏంది?" అని అడిగిండు. డాక్టరా, వకీలా? ఇంకొక సారు నీళ్ళ చెంబును రోజు జరంత దగ్గరికి జరుపుమన్నడు. మూడో ఆయన పండవెట్టి, కండ్లు మూయించి, చిన్నప్పటి ముచ్చట్లన్ని తవ్విండు. పక్కకు కూసున్న శ్రావణ్‌కు గురక వచ్చింది గని, మంజులకు నీళ్ళు దిగలే.

ఆఖరికి గీ భాగ్యలక్ష్మి మేడం. భీమవరం దిక్కు మాట.

"మంజులగారూ, ఆ ఖాళీ కుర్చీలో మీ అత్తగారు కూర్చున్నారనుకోండి. మనసులో ఉన్నది చెప్పేయండి."

మంజుల ఖాళీ కుర్చీ దిక్కు చూసుకుంట ఏడ్శింది. "ఇనవడ్డదే అత్తా... లేవబుద్ధి గాలే..."

"ఇప్పుడు మీరే వెళ్ళి అందులో కూర్చోండి. మీ అత్తగారిలా జవాబు చెప్పండి."

మంజుల పోయి కూసున్నది. నడుము ఒంగింది. గొంతు బొంగురువోయింది. "గంతసేపు పిలిస్తినే కోడలా..."

గప్పుడే కరెంటు పోయింది. శ్రావణ్ ఫోన్ మోగింది. ఫ్లైట్ దిగిందట, క్యాబ్ ఎక్కే పార్టీ బయట నిలవడ్డదట. గా చీకట్లనే పెండ్లాం రెక్క వట్టి లేపిండు.

"ఆగండి శ్రావణ్‌గారూ! ఆవిడ మళ్ళీ తన కుర్చీలోకి రావాలి. మధ్యలో అలా తీసుకెళ్ళకూడదు!"

"ఏ కుర్చీ అయితేంది మేడం? రెండూ ప్లాస్టిక్‌వే కదా!"

గా పార్టీని సుత వేరే డ్రైవర్ ఎత్కపోయిండు.

ఇంటికి రాంగనే మంజుల సీదా బిందె కాడికి పోయింది. రెండు చేతుల లేపి గటగట తాగింది. బిందె ఖాళీ. శ్రావణ్ కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. "బతికినవ్ మంజులా!"

ఆమె కొంగుతోని మూతి తుడ్సుకున్నది. "మంజుల ఎవలురా కొడుకా?"

పోయి ఈరమ్మ మంచం మీద కూసున్నది. ముసల్ది ఆకు నమిలినట్టు దవడ ఆడుతుంది. ఇంట్ల ఆకు లేదు, సున్నం లేదు. గని తమలపాకు వాసన గుప్పుమన్నది.

శ్రావణ్ ఉరికి మేడంకు ఫోన్ కొట్టిండు. "పొద్దున్నే తీసుకురండి. ఇంట్లో మీరేం ప్రయత్నం చేయకండి. ముఖ్యంగా మీరు మాత్రం ఎదుటివాళ్ళ కుర్చీలో కూర్చోకండి!"

పొద్దుగాల దాంక ఆగుడా? గప్పటి దాంక మంజుల ఏడ ఉన్నట్టు? కండ్లతోని చూసినంక రాని పనేముంటది అనుకున్నడు.

కరెంటు ఇంకా రాలే. వాకిట్ల రెండు కుర్చీలు ఎదురెదురుంగ ఏసిండు. ఒకదాంట్ల తను. ఇంకోటి మంజులది. మీదికెళ్ళి విమానం పోయింది. దాని మోత సల్లవడ్డంక ఏ సప్పుడు లేదు. కుక్క సుత మొరుగలే.

"మంజులా... ఇంటికి రాయే."

ఖాళీ కుర్చీ దిక్కు జరంత ఒంగిండు.

"తప్పు నాదే. తొందరవడ్డ. నువ్వు లేకుంటె నేనేమైతనే..."

లేశిండు. పోయి ఎదురు కుర్చీల కూసున్నడు.

సల్లగున్నది... ఐసు లెక్క. పెదవులు సర్రున పలిగినయ్. నాలిక మీద నెత్తురు ఉప్పగ తగిలింది. శ్రావణ్ నోట్లకెళ్ళి సన్నటి గొంతు లేశింది.

"నన్ను గా చీకటి రూముల ఇడ్సిపెట్టి వచ్చినవ్ కదయ్యా... గొంతెండుతుంది..."

మంజులా! నువ్వేనా? అందామంటె నాలిక తిరుగుతలేదు. నా కుర్చీలకు నేను పోవాలె... అనుకున్నడు. నాలుగు అడుగులే. తలకాయ లేపి చూసిండు.

తెర్శిన తలుపులకెళ్ళి అవుపడే మంచం ఖాళీగున్నది.

తన కుర్చీ ఖాళీగ లేదు.

పెండ్లాం ఒళ్ళు అందుల కూసున్నది. నడుము ఒంగి. దవడ ఆడిచ్చుకుంట.

"అమ్మా... నా కుర్చీ..." గొంతు మంజులదే.

"లెవ్వకు కొడుకా," ముసల్ది తన కింది కుర్చీని అదిమివట్టి మెల్లగ అన్నది. మల్ల ఎదుటి కుర్చీ దిక్కు చూసి నవ్వింది. "ఏమే కోడలా... ఆ పొద్దు అడిగిన నీళ్ళు... ఇయ్యాల తెస్తవా?"

శ్రావణ్ కాళ్ళు వాటంతట అవే లేశినయ్. చిన్న చిన్న అడుగులేసుకుంట బిందె దిక్కు నడ్శినయ్.

పాల్మాకులకు పోతె మీరే చూడొచ్చు. వాకిట్ల క్యాబ్ టైర్లల్ల గాలి లేదు. లోపట మంచం మీద ఆమె. చెంబు మీద చెంబు తెచ్చేది ఆయన. పుల్ల లెక్క అయిండు, నెత్తి మీద తువ్వాల కొంగు లెక్క కప్పుకుంటడు. శ్రావణన్నా అని పిలిస్తె తిరిగి చూడడు.

బయట ఆయన కుర్చీ గట్లనే ఉన్నది. ఒకనాడు పక్కింటి కొండమ్మ అండ్ల కూసోవోతె, లోపటికెళ్ళి ఇద్దరు ఒక్కపారే మొత్తుకున్నరట.

కుర్చీల ఎవ్వలు లేరు. గని వాన లేకున్నా, భూమి రాయి లెక్క ఎండినా, దాని నాలుగు కాళ్ళు రోజు జరంత లోపటికి దిగుతున్నయ్... బరువైన మనిషి ఎవడో, లేవొస్తలేక, గింజుకుంటున్నట్టు.