ఎస్తేరు సిస్టర్‌కి నిద్ర పట్టిన విధం

2084లో కాకినాడ బ్యాంకు గుమాస్తాలు మధ్యాహ్నం టీ మానేసి, ఎనిమిది గంటలు నిద్రపోయి వచ్చేవారు. అందుకు నలభై నిమిషాలు చాలు. నిద్రాసాంద్రక పేటిక, అంటే స్లీప్ కండెన్సర్, మెదడులోని గాఢనిద్ర తరంగాలను ఒత్తుగా పేర్చేది. ముందుగా మనిషి తన నిద్ర అలవాట్లు రాసిస్తే, పేటిక లోపలంతా అలాగే అమర్చుకునేది.

ఊరంతా హాయిగా నిద్రపోతున్నా, విచిత్రంగా ఊరి ఆసుపత్రి సిబ్బందిలో ఒక్కరికీ ఆ పేటికలో కన్ను అంటుకోలేదు.

పసిబిడ్డల వార్డును ఇరవై ఆరేళ్లుగా నడుపుతున్న ఎస్తేరు సిస్టర్ అలసట సూచిక తొంభై ఒకటి దగ్గరుంది. మధ్యాహ్నం పన్నెండులోగా అది నలభైకి దిగకపోతే ఆమెను రికార్డుల గదికి మార్చేస్తారు. ఇప్పటికి రెండుసార్లు ప్రయత్నం విఫలమైంది.

"నిద్రపోకుండా లేచేది లేదు బాబూ," అంది ఎస్తేరు, మూడోసారి పేటికలో పడుకుని, దాన్ని తయారుచేసిన ఇంజనీరు నఫీజ్‌తో.

అప్పుడు పేటిక మాట్లాడింది. "సిస్టర్ గారూ, రాత్రి పదికి పడక, ఎడమ పక్క, చీకటి, నిశ్శబ్దం అని రాశారు. ఇక్కడి ముప్పై ఒక్కరూ పొల్లుపోకుండా ఇదే రాశారు. ఇది మీరు రోగులకు చెప్పే సలహా. మీ అలవాటు కాదు."

ఎస్తేరు నాలుక కరుచుకుంది. బాలింతలకు చెప్పీ చెప్పీ, చెయ్యి దానంతటదే రాసేసింది.

"నవ్వకూడదు మరి. ప్లాస్టిక్ కుర్చీలో, చెప్పులు కాళ్లకుండగానే పడుకుంటానండి. పక్కన బిడ్డ గుండె మానిటర్ కూత వినపడాలి. ఇంటి దగ్గరైతే అది ఫోనులో పెట్టుకుంటాను."

నఫీజ్ నవ్వబోయి ఆగిపోయాడు. పరుపు కుర్చీగా మడుచుకుంది. కూత మొదలైంది. ఎస్తేరుకి తొంభై సెకన్లలో నిద్ర పట్టింది.

లేచేసరికి సూచిక పదిహేడు. వార్డు తనకే మిగిలినందుకు ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు.

నఫీజ్‌కి మాత్రం తృప్తి లేదు. "ఈ అలవాటు మాన్పించొచ్చు సిస్టర్. రోజూ కాస్త కాస్త కూత తగ్గిస్తాం. మూడు వారాల్లో నిశ్శబ్దంలో కమ్మగా పడుకుంటారు."

ఆమెకు నిజంగానే ఆశ పుట్టింది. అంతలోనే అనుమానమూ వచ్చింది.

"ఇప్పుడు కుర్చీలో కునికినా, కూతలో తేడా వస్తే అలారం కన్నా ముందే లేస్తాను బాబూ. మరి అప్పుడో?"

నఫీజ్ పేటిక వైపు చూశాడు.

"లేవరు," అంది పేటిక. "కూత ఆగితే నిద్రపోవాలని మీ మెదడు నేర్చుకుంటుంది."

"అయితే వద్దు," అని ఎస్తేరు వార్డుకి బయల్దేరింది.

సాయంత్రంలోగా మిగతా ముప్పై మందీ నిజం ఒప్పుకున్నారు. ఒకరు వెంటిలేటర్ బుస అడిగారు, ఒకరు డయాలసిస్ మోటారు హోరు అడిగారు. నఫీజ్ అందరికీ అదే చికిత్స చేస్తానన్నాడు. ఒక్కరూ ఒప్పుకోలేదు. లోకానికంతా విశ్రాంతినిచ్చిన ఆ యంత్రం, అక్కడ మాత్రం మనుషుల్ని నిద్రలోనూ డ్యూటీలోనే ఉంచింది, వాళ్లు కోరినట్టే.