కోడలి బంతి ఎదుట

రామకోటయ్య పసుపు మండీకి బయలుదేరే ముందు రోజూ టీవీలో రాశిఫలాలు వింటాడు. ఆ పొద్దున మాత్రం ఆయన వేలు వార్తల ఛానెల్ దగ్గరే ఆగిపోయింది. తెర మీద కోడలు సుచరిత ఫోటో ఉంది. పక్కన ఇంకో అమ్మాయి. ఇద్దరి మధ్య ఎర్రటి అక్షరాలు: ‘ఇదేం న్యాయం?’

ఇంగ్లాండు వెళ్లే భారత మహిళల క్రికెట్ జట్టును ముందురోజే ప్రకటించారు. పెళ్లికి ముందు దేశం తరఫున ఆడిన ఫాస్ట్ బౌలర్ సుచరిత, కాన్పు తర్వాత మళ్లీ జట్టులోకి వచ్చింది. ఆమె కోసం పక్కన పెట్టింది నంద్యాల అమ్మాయి లక్ష్మీప్రియను. ఈ ఏడాది దేశవాళీ పోటీల్లో అందరికన్నా ఎక్కువ వికెట్లు తీసిన పిల్ల. కాన్పు తర్వాత సుచరిత ఆడింది మూడు నాలుగు మ్యాచులే.

టీవీలో లక్ష్మీప్రియ తల్లి కొంగుతో కళ్లొత్తుకుంటోంది. మనవరాలు శ్రీవాసవికి ఉగ్గు తినిపిస్తున్న రాజ్యలక్ష్మమ్మ చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

“ఆయమ్మ ఏడుస్తాంటే చూడలేకపోతాండా. ఆపేయండి” అంది భర్తతో.

మధ్యాహ్నం రామకోటయ్య మండీ నుంచి వాడిన మొహంతో వచ్చాడు. కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

“ఏమైంది?” అంది రాజ్యలక్ష్మమ్మ.

“మైదుకూరంతా అదే మాట. పలుకుబడితో కోడలికి చోటిప్పించుకున్నానంట. నాకేం పలుకుబడి ఉండాది రాజ్యం? నా మొహం మీదే నవ్వినారు.”

సాయంత్రం కొడుకు తేజేశ్వర్, కోడలు ఇంట్లో ఉన్నప్పుడు రాజ్యలక్ష్మమ్మ ఇక మనసులో దాచుకోలేకపోయింది.

“సుచరితా, నువ్వు పోవద్దు. ఒక పాప నోటికాడి కూడు లాక్కున్నామని అందరూ అనుకుంటాండారు. చంటిబిడ్డ తల్లివి. నెలన్నర ఆ దేశంలో బిడ్డను ఎవురు చూస్తారు?”

“ఇంట్లోవాళ్లు ఒకరు తోడు పోవచ్చని బోర్డువాళ్లు అన్నారు కదమ్మా” అన్నాడు తేజేశ్వర్. “నాకైతే కుదరదు, ఇది పసుపు వచ్చే కాలం. నువ్వు పోతావని...”

“నేను పోను. ఈ నిందకు తోడు పోయేది నా వల్ల కాదు.”

“ఎంచింది వాళ్లు. సుచరిత పోయి అడిగిందా?”

“నువ్వు ఊరుకోరా!”

సుచరిత బిడ్డను భర్త చేతికిచ్చి అత్త ఎదురుగా కూర్చుంది. ఆమె గొంతులో కోపం లేదు. అదే రాజ్యలక్ష్మమ్మను ఇబ్బంది పెట్టింది.

“అత్తా, లక్ష్మీప్రియ శానా బాగా వేస్తాది. నాకన్నా ఆ పాపకే ఎక్కువ హక్కుందేమో, నాకు తెలీదు. నేనే ఫోన్ చేసినా. ఎత్తలేదు. ఆ బాధ నాకూ ఉండాది. కానీ ఒకటి అడుగుతా. నేను ఎట్ల వేస్తానో నువ్వెప్పుడన్నా చూసినావా?”

“టీవీలో చూడలేదా?”

“టీవీలో అందరం బొమ్మల మాదిరే ఉంటాం. రేపు పొద్దున నాతో గ్రౌండుకు రా. చూసినాక కూడా పోవద్దంటే, రానని నేనే వాళ్లకు చెప్పేస్తా.”

తేజేశ్వర్ ఉలిక్కిపడి భార్య వైపు చూశాడు. ఆమె చూపు మాత్రం అత్త మీదే ఉంది. రాజ్యలక్ష్మమ్మ కొడుకు చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది. “సరే” అంది చివరికి.

మర్నాడు బిడ్డను తాత దగ్గర వదిలి ముగ్గురూ కాలేజీ గ్రౌండుకు వెళ్లారు. లంకమల కొండల మీద అప్పుడప్పుడే ఎండ పడుతోంది. రోజూ ఈ వేళకు కోడలు ఒళ్లు తగ్గడానికి ఏదో వ్యాయామం చేసుకుంటోందని అనుకునేది రాజ్యలక్ష్మమ్మ. తేజేశ్వర్ స్టంపులు పాతి, తల్లిని వాటి వెనక, నెట్టుకు ఇవతల నిలబెట్టాడు.

“ఈడ నుంచి చూడమ్మా. బ్యాటు పట్టుకున్నోళ్లకు కనపడేది ఇదే.”

దూరంగా సుచరిత పరుగు మొదలుపెట్టింది. మొదట మెల్లగా. తర్వాత అడుగు అడుగుకూ పెరుగుతూ. ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకుండా తిరిగే పిల్ల తన మీదికే దూసుకొస్తోంది. చిన్నప్పుడు ఒంటిమిట్ట రాములవారి రథం కదిలి తనవైపు వస్తుంటే నాన్న చెయ్యి గట్టిగా పట్టుకున్న భయమూ భక్తీ ఒక్కసారిగా ఒళ్లంతా పాకాయి. కోడలు గాల్లోకి లేచింది. చెయ్యి తిరిగింది.

బంతి ఆమెకు కనపడనే లేదు. స్టంపు ఎగిరి పడటం కనపడింది. నెట్టు మొహం మీదికి ఉబికింది. రాజ్యలక్ష్మమ్మ వెనక్కి జరిగి, “రామచంద్రా!” అంది.

“ఇంకోటి చూడు” అన్నాడు తేజేశ్వర్, స్టంపు మళ్లీ పాతుతూ.

ఈసారి కళ్లార్పకుండా చూసింది. బంతి వికెట్లకు దూరంగా పోతున్నట్టే వచ్చింది. పోతోంది, పోయిందనుకుంటుండగా, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు లోపలికి తిరిగింది. నడిమి స్టంపు నేల మీద దొర్లింది.

“అదెట్ల తిరిగిందిరా? గాలి కూడా లేదే!”

“అట్ల తిప్పేది ఇంకెవరికీ రాకనే జట్టోళ్లు ఆమె కోసం చూస్తాండేది.”

రాజ్యలక్ష్మమ్మ దూరంగా ఉన్న కోడలిని తేరిపార చూసింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తే, కుట్లు మానేదాకా పథ్యం పెట్టింది తనే. మంచం దిగడానికి తన భుజం పట్టుకున్న మనిషి ఈమే. మళ్లీ ఎప్పుడు, చప్పుడు చేయకుండా, ఇంత బలం కూడగట్టుకుంది? ఒకే ఇంట్లో ఉండి, ఒకే పొయ్యి దగ్గర నిలబడి, తనకెందుకు కనపడలేదు?

సుచరిత చెమటతో, రొప్పుతూ దగ్గరికొచ్చింది. “ఇప్పుడు చెప్పత్తా.”

“ఇంకొకటి వెయ్యి” అంది రాజ్యలక్ష్మమ్మ. “చెప్తాలే. ఇంకొకటి వెయ్యి.”

ఎండ ఎక్కేదాకా అలా అడుగుతూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఒక విలేకరి మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల రామకోటయ్య తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నాడు. మామూలుగా అయితే రాజ్యలక్ష్మమ్మ కొత్తవాళ్ల ముందు పెదవి విప్పదు. ఆ రోజు తనే ముందుకెళ్లింది.

“అమ్మా, మీ కోడలి ఎంపిక మీద ఇంత గొడవ జరుగుతోంది...”

“ఆ నంద్యాల పాపకు అన్యాయం జరిగిందేమో నాయనా. ఎందుకు తీసేసినారో ఎంచినోళ్లనే గట్టిగా అడగండి. అడగాల్సిందే. ఆ పాప కూడా ఆడల్ల. కానీ నా కోడలికి ఊరికే ఇచ్చినారని అంటాండారే, ఆమె బంతి ఎదురుగా నిలబడినోళ్లు ఎవురన్నా ఉండారా మీలో? నేను నిలబడొచ్చినా.”

ఆ మాట విని రామకోటయ్య తలుపులు బార్లా తెరిచాడు. చంకలో మనవరాలితో గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

లోపలికి వెళ్లాక రాజ్యలక్ష్మమ్మ కోడలి కుడిచెయ్యి పట్టుకుంది. వేళ్ల చివర్లు కాయలు కాచి గరుకుగా ఉన్నాయి. మూడేళ్లుగా తనకు అన్నం వడ్డించిన ఆ చేతిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. కన్నీళ్లు ఆగలేదు.

“అందరూ నిన్ను ఎందుకు ఎంచినారని అడుగుతాంటే, నేనూ వాళ్లతో చేరి అడిగినా గదమ్మా.”

“వదిలేయత్తా.” సుచరిత ఆమె కళ్లు తుడిచింది.

“వదిలేదేముంది.” రాజ్యలక్ష్మమ్మ ముక్కు చీదుకుని కొడుకు వైపు తిరిగింది. “ఒరే, నాకు పాస్‌పోర్టు తొందరగా యాడ ఇస్తారో కనుక్కో. ఆడ చలంట. బిడ్డకు ఉన్ని టోపీలు కూడా తేవల్ల.”