ఏమీ నొక్కకండి!

"అయ్యో! దాన్ని పట్టుకుంటున్నావా, చంపుతున్నావా?"

ల్యాబ్‌లో నా వెనక నుంచి వినిపించిందా మాట. అప్పుడు నేను ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం తయారు చేస్తున్న సెల్‌ఫోన్ గేమ్‌ని విల్సన్‌కి చూపిస్తున్నాను. తెర మీద ఒక ఎర్రపీత. ఐదో నంబరు కీని టకటకా కొడుతుంటే దాని ప్రాణం తగ్గుతుంది. సగం చచ్చాక వల విసరాలి. అప్పుడది మనదైపోతుంది.

వెనక్కి తిరిగి చూశాను. నీలోఫర్. మా క్లాసే. రోజూ బందరు నుంచి పాసింజరులో గుడ్లవల్లేరు వచ్చి వెళ్తుంది. మూడున్నరేళ్లలో నాతో మాట్లాడిన మొదటి మాట ఇదే.

"మాన్‌స్టర్ టేమింగ్, అంటే వింత జీవాల్ని మచ్చిక చేసే ఆట, ఇంతే. జపాన్ వాళ్లు పదేళ్ల నుంచి ఇలాగే చేస్తున్నారు," అన్నాను గంభీరంగా.

"పదేళ్ల నుంచీ కొడుతూనే ఉన్నారా? పాపం, చేతులు నొప్పెట్టలేదూ?"

విల్సన్ నవ్వాడు. మూడున్నరేళ్లుగా నా రూమ్మేట్, నా టిఫిన్లు తిన్నవాడు, అయినా నవ్వాడు.

"అయితే మచ్చిక ఎలా చేస్తారో నువ్వే చెప్పు!"

"నాకేం తెలుసు? మా వీధి పిల్లి కూడా కొడితే రాదు, అంతే తెలుసు," అనేసి వెళ్లిపోయింది.

నా గురించి కొంచెం చెప్పాలి. పేరు అఫ్జల్, ఊరు నాగాయలంక. తొందర నాకు పుట్టుకతో వచ్చింది. నెల ముందే పుట్టానని మా అమ్మీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఏడో క్లాసులో ఉండగా కువైట్ నుంచి మా మామూ కోడిగుడ్డంత జపాన్ ఆటబొమ్మ తెచ్చాడు. దాని తెర మీద ఒక బుల్లిపిల్ల ఉంటుంది, దానికి తిండి పెట్టి పెంచాలి. తొందరగా పెద్దదైపోవాలని నేను తిండి బటన్ ఆపకుండా నొక్కాను. సాయంత్రానికి చచ్చిపోయింది. రెండు రోజులు ఏడ్చాను.

సరే, గేముకి వద్దాం. దానికో పెద్ద చిక్కు వచ్చిపడింది. ఆ రోజుల్లో ఫోన్లలో అరవై నాలుగు కేబీలు దాటిన గేము ఎక్కదు. నావేమో ముప్పై జీవాలు, పెరిగే కొద్దీ ఒక్కోదానికి మూడు రూపాలు. తొంభై బొమ్మలు ఎక్కడ పడతాయి? మా గైడు పిచ్చేశ్వరరావు గారు విని, "మీ బ్యాచ్‌లో బొమ్మలు వేసేవాళ్లు లేరయ్యా. నీలోఫర్‌ని కలుపుకోండి. వాళ్ల నాన్నగారు కలంకారీ అచ్చులు చెక్కుతారు," అన్నారు.

అలా ఒక ఆదివారం నేనూ విల్సనూ బందరులో వాళ్లింటికి వెళ్లాం. వాళ్ల నాన్న హిదాయతుల్లా చాచా పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి, టేకు అచ్చుని నల్లరంగులో అద్ది గుడ్డ మీద నొక్కాడు. పువ్వు గీత పడింది. అది ఆరాక అదే చోట ఇంకో అచ్చు వేశాడు. రేకుల్లో ఎరుపు నిండింది.

"చూశావా?" అంది నీలోఫర్. "ప్రతి రూపానికీ కొత్త బొమ్మెందుకు? మొదటి బొమ్మ మీదే రెండో అచ్చు వెయ్యి. పీతకి పెద్ద డెక్కలొస్తాయి. దాని మీద మూడోది వేస్తే కిరీటం. కింద బొమ్మ ఒకటే కదా!"

తర్వాత అలాగే చేశాం. గేము యాభై తొమ్మిది కేబీలకి దిగింది. నేను మాత్రం అక్కడికక్కడే ప్రేమలో పడ్డాను.

"నేనూ ఒకటి వేస్తాను చాచా," అని అచ్చు అందుకున్నాను. గీత వేశాను, వెంటనే రెండోది కూడా వేసేశాను. నలుపూ ఎరుపూ కలిసి గుడ్డంతా పాకేశాయి.

"ఆరనివ్వాలి బాబూ," అన్నాడు చాచా నెమ్మదిగా. "మొదటిది ఆరకముందే రెండోది వేస్తే రెండూ పోతాయి."

ఆ మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. సాయంత్రం మమ్మల్ని సాగనంపడానికి ఆమె బందరు స్టేషన్‌కి వచ్చింది. విల్సన్ టికెట్ల కోసం వెళ్లిన రెండు నిమిషాల్లో నేను చెప్పేశాను.

"నీలోఫర్, నువ్వంటే నాకిష్టం. నువ్వు కూడా చెప్పెయ్. రైలు కదిలిపోతుంది."

ఆమె నా వంక విచిత్రంగా చూసింది. అంతలో విల్సన్ టికెట్లతో వచ్చేశాడు. గుడ్లవల్లేరులో దిగేలోపు పదకొండు మిస్డ్ కాల్స్ ఇచ్చాను. మర్నాడు ల్యాబ్‌లో ఫోన్ నా ముందు పెట్టింది.

"ఎన్నిసార్లు నొక్కుతావ్? నన్ను కాస్త ఆలోచించుకోనివ్వు అఫ్జల్. అప్పటిదాకా ప్రాజెక్ట్ మాటలు తప్ప ఇంకేం వద్దు."

ఆ కోడిగుడ్డు బొమ్మ గుర్తొచ్చింది నాకు. మళ్లీ చంపుకున్నానా అనిపించింది.

సెలవులకి నాగాయలంక వెళ్లాను. రేవు పక్కన బురదలో వందల ఎర్రపీతలు. నేను అడుగు వేయగానే అన్నీ కన్నాల్లోకి దూరిపోయాయి. నా బతుకింతే అనుకుంటూ గట్టు మీద కూలబడ్డాను. ఎంతసేపు కదలకుండా కూర్చున్నానో తెలియదు. ఒక కన్నంలోంచి రెండు కళ్లు పైకొచ్చాయి. ఆ పీత ఆగింది, చూసింది, అడ్డంగా నడుచుకుంటూ వచ్చి నా చెప్పు పక్కనే నిలబడింది.

ఒక్క పరుగున ఇంటికెళ్లి గేము మొత్తం మార్చేశాను. వల తీసేశాను. కొట్టడం తీసేశాను. ఎందుకు మార్చానో ఎవరికీ చెప్పలేదు, ఆమెకి కూడా.

వైవా రోజు బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. కీ నొక్కారు, పీత కన్నంలోకి పోయింది. మళ్లీ నొక్కారు, ఈసారి కన్నం కూడా మూసుకుంది. పది కీలూ వాయించారు.

"హ్యాంగయిందయ్యా మీ గేము!"

విల్సన్ దేవుణ్ణి తలుచుకున్నాడు. నా చెయ్యి ఫోన్ వైపు వెళ్లబోయింది. అంతలో నీలోఫర్ గొంతు వినిపించింది.

"సార్, ఒక్క నిమిషం. ఏమీ నొక్కకండి."

ఆయన బొటనవేలు గాల్లో ఆగిపోయింది. తెర మీద రెండు కళ్లు పైకి లేచాయి. పీత మెల్లగా వచ్చి ఆటగాడి పాదాల దగ్గర కూర్చుంది. దాని మీద రెండో అచ్చు పడి, పెద్ద డెక్కలొచ్చాయి.

"అరె, వచ్చేసిందే!" అన్నారాయన చిన్నపిల్లాడిలా. "బాగుందమ్మా. మరి ముందు ముందు ఈ ఆటలు ఏమవుతాయంటావ్?"

"ఇన్నాళ్లూ బలమున్నవాళ్లు ఈ జీవాల్ని పట్టుకున్నారు సార్. ముందు ముందు అవి మనల్ని గుర్తుపెట్టుకుంటాయి. ఎవరు తొందరపెట్టారో, ఎవరు ఆగారో కూడా," అంది. చెప్పింది ఆయనకే గానీ చూసింది నన్ను.

ఆ సాయంత్రం హాస్టల్ ఖాళీ చేసి, పెట్టె పట్టుకుని గుడ్లవల్లేరు స్టేషన్‌కి వచ్చాను. ఉన్నట్టుండి వేసవి వాన మొదలైంది. రేకుల కింద అటు చివర నీలోఫర్, ఇటు చివర నేను. ఇక కాలేజీ లేదు, ప్రాజెక్ట్ లేదు. బందరులో దిగితే ఆమె దారి ఆమెది, నా దారి నాది. నా వేలు ఆమె నంబరు మీదే ఉంది. గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఫోన్ జేబులో పెట్టేశాను.

జేబులో ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది. మిస్డ్ కాల్!

తలెత్తితే అటు చివర నుంచి ఫోన్ ఊపుతోంది. పెట్టె అక్కడే వదిలేసి వెళ్లాను.

"నలభై రోజులు!" అంది. "ఒక్క మిస్డ్ కాల్ లేదు. నన్ను మర్చిపోయావేమోనని నాకెంత భయమేసిందో తెలుసా?"

"నువ్వే కదా వద్దన్నావ్!"

"అంటే మాత్రం మరీ అంత బుద్ధిగానా?"

ఏదో అడగబోయి నోరు మూసుకున్నాను. వాన రేకుల మీద వాయిస్తోంది. ఆమె దుపట్టా అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

"ఆరింది," అంది చివరికి, నేల చూస్తూ. "ఇక రెండో అచ్చు వేసుకోవచ్చు."

నాకు గంతెయ్యాలనిపించింది. వేశాను కూడా. ఆమె నవ్వుతూ ఏదో నంబరు కలిపి ఫోన్ నా చెవికి ఆనించింది.

"బాబూ," అంది హిదాయతుల్లా చాచా గొంతు. "ఆ రోజు నువ్వు పాడు చేసిన గుడ్డ పారేద్దామంటే మా అమ్మాయి ఇవ్వలేదు. బీరువాలో దాచుకుంది. నాకప్పుడే అర్థమైంది. మీ పెద్దవాళ్లని ఎప్పుడు తీసుకొస్తావు?"

"రేపే చాచా! మొదటి బస్సుకే!"

నీలోఫర్ నుదురు కొట్టుకుంది. అవతల చాచా గట్టిగా నవ్వేశాడు. "రేపు కాదు బాబూ. శుక్రవారం నమాజు అయ్యాక రండి."

శుక్రవారమంటే ఇంకా నాలుగు రోజులున్నాయి. నాలుగు రోజులు! ఫోన్ ఆమె చేతికిచ్చేసి, ఏమీ నొక్కకుండా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను. బందరు పాసింజరు వచ్చి ఆగేసరికి నా చేతుల్లో ఒకటి ఆమె చేతిలో ఉంది.