ముందు చక్రానికి కట్టిన తువ్వాల

కాకిదేం తప్పు, దానికేం తెలుసు, అని యుగేందర్ అనుకుంటూనే ఉన్నాడు, తొర్రూరు దాటి చాలాసేపయినా. ఆకలైతే తింటుంది, బెదిరితే తినదు. గట్టు మీద విస్తరేసి, అన్నం, చేపల కూర, బీడీల కట్ట, గ్లాసులో కల్లు పెట్టి, చుట్టాలందరూ కాస్త దూరంలో ఊపిరి బిగపట్టి నిలబడితే ఏ పిట్టయినా ఎలా వాలుతుంది? ఇంత మామూలు సంగతి అక్కడ ఒక్కరికీ తట్టలేదు. తనకూ అప్పుడు తట్టలేదు. ఇప్పుడు, ఒంటరిగా కారు నడుపుతుంటే తడుతోంది. తనకు బుద్ధి ఎప్పుడూ ఒంటరిగా ఉన్నప్పుడే వస్తుంది.

క్లచ్ రబ్బరు గీతలు అరికాలికి గుచ్చుకుంటున్నాయి. కొరివి పెట్టినవాడు చెప్పులు వేసుకోకూడదు. మూడు రోజులుగా వేసుకోలేదు.

పొద్దున్నే తండ్రి పెద్దులు పేరున పిట్టకు పెట్టారు. మూడో రోజు పెట్టిన అన్నాన్ని పిట్ట ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. ఆ కోరికేమిటో కనుక్కొని మాట ఇస్తే ముడుతుందంటారు. తుమ్మచెట్టు మీద రెండు కాకులు కూర్చున్నాయి, దిగలేదు.

"అన్నా, నీ పెండ్లాన్ని మంచిగ అర్సుకుంటం, ముట్టు," అన్నాడు పెద్దులు తమ్ముడు ఐలేశ్, చెట్టు వైపు చేతులు జోడించి.

కాకులు కదల్లేదు.

"ఇంటికి స్లాబు ఏపిస్తడట నీ కొడుకు, రావే."

"కల్లు పుల్లగున్నదేమో, మంచిది తేవాల్సుండె," అని వెనక ఎవరో గొణిగారు. ఇంకెవరో నవ్వు ఆపుకున్నారు.

ఎండ ఎక్కింది. "ముట్టకపోతే ఆవుకు పెడదాం తియ్యి వదినె," అన్నాడు ఐలేశ్. యుగేందర్ తల్లి కట్టమ్మ ఒప్పుకోలేదు. పిట్ట ముట్టేదాకా తను గుక్కెడు నీళ్లు కూడా ముట్టనని గట్టు మీదే కూర్చుంది. చాలాసేపటికి, ఎవరి వైపూ చూడకుండా, "ఆయన సైకిల్ తెండ్రి," అంది.

"సైకిల్ తొర్రూర్ల రిపేర్‌కిచ్చిండు గదనే అవ్వా," అన్నాడు యుగేందర్.

"తొర్రూర్ల లేదు. మానుకోటల ఉన్నది."

మానుకోట అనగానే అందరూ యుగేందర్ వైపు చూశారు. మానుకోట అంటే మహబూబాబాద్; అక్కడ ఎవరున్నారో అందరికీ తెలుసు. మూడేళ్ల కిందట వేరే కులపు పిల్లవాణ్ని చేసుకుని వెళ్లిపోయిన నీరజ ఉంది. యుగేందర్‌కు ఒక్కగానొక్క చెల్లెలు. ఆమెకు తండ్రి పోయిన సంగతి ఇంకా తెలియదు. తెలియకుండా చేసింది యుగేందరే. శవం వాకిట్లో ఉండగా అందరి ముందు అన్నాడు: "దానికెవలన్న చెప్పిండ్రో, నేను కొరివి పట్ట." కొడుకు ఒక్కడే. ఎవరూ చెప్పలేదు.

ఎందుకన్నాడో అతనికే తెలియదు. ఆ మాట అనేదాకా తన లోపల ఉన్నట్టు కూడా తెలియదు. అన్నాక ఇక దానికి కాపలా కాయడమే మిగిలింది. తండ్రికి ఆఖరి స్నానం చేయిస్తున్నప్పుడు బాపు ఫోన్ మోగింది. నీరజ పేరు. యుగేందర్ దాన్ని బంద్ చేసి జేబులో వేసుకున్నాడు. అప్పట్నుంచి అది జేబులోనే ఉంది.

"కొరివి పెట్టినోడు ఊరు దాటొద్దురా, నేను పోయొస్త," అన్నాడు ఐలేశ్. యుగేందర్ వినలేదు. చిన్నబాపు పోతే గేటు దగ్గరే ఏడ్చేస్తాడు, ఆమెకు తెలిసిపోతుంది. తను పోతే సైకిల్ ఒక్కటే వస్తుంది. అదీ కాక, సైకిల్ మోసే ఏర్పాటు తన కారుకే ఉంది.

ఆ ర్యాక్ ఇప్పుడు డిక్కీ తలుపుకు కొక్కేలతో వేలాడుతూ, ఖాళీగా, రెండు చేతులు వెనక్కి చాపినట్టు కొట్టుకుంటోంది. భూపాలపల్లిలో బొగ్గుబావి ఉద్యోగం తండ్రిదే. ఊపిరితిత్తులు పాడై తండ్రి పనికిరాడని తేలాక అది యుగేందర్‌కు వచ్చింది. ఆ తర్వాత అతనికి షుగర్ వచ్చింది. డాక్టర్ సైకిల్ తొక్కమన్నాడు. గేర్ల సైకిల్ కొని, ఆదివారాలు దాన్ని కారుకు కట్టుకుని చెరువు దాకా పోయి, అక్కడ తొక్కి, మళ్లీ కారుకు కట్టుకుని క్వార్టర్‌కు వచ్చేవాడు. అది చూసి తండ్రి దగ్గొచ్చేదాకా నవ్వాడు. "సైకిల్ మనిషిని మొయ్యాలె గానీ, కారు సైకిల్‌ను మోసుడేందిరా? ఇగ కారును ఎవలు మోస్తరు?"

తండ్రి నల్ల సైకిల్ మీద ముందు కడ్డీ తనది, వెనక క్యారియర్ నీరజది. తనకు దారి కనబడేది, తల పైన తండ్రి గడ్డం, ఊపిరి. ఆమెకు తండ్రి వీపు తప్ప ఏమీ కనబడేది కాదు. అయినా ఆమె ఎప్పుడూ చోటు మార్చమని అడగలేదు. ఇప్పుడెందుకు గుర్తొస్తోంది ఇదంతా, అనుకుని హారన్ కొట్టాడు. ఎదురుగా ఎవరూ లేరు.

నీరజ ఇల్లు రైలు పట్టాలకు ఇవతల, సందు చివర ఉంది. గేటు చప్పుడుకు మెడలో టేపు వేసుకునే బయటకు వచ్చింది. లోపల కుట్టుమిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు కనబడుతోంది. అతన్ని చూసి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"అన్నా! నువ్వేనా? బాపు పంపిండా?"

అతను తలూపాడు. "సైకిల్ కావాల్నట. తీస్కపోదామని."

"ఏమాయె ఆయనకు? మూడొద్దుల సంది ఫోన్ జేస్తుంటే బంద్ వస్తున్నది. పరేషానై సస్తున్న."

"ఖరాబైంది ఫోను."

"జర చెప్పొచ్చు గద ఎవలితోనన్న. లోపటికి రా. మధు దుకాణంల ఉన్నడు, పిలుస్త. మోటర్ల వైండింగు పని, ఎటు పోడు. రా అన్నా."

"లేదు, జల్ది పోవాలె."

అతను గేటు దగ్గరే ఆగిపోయాడు. మైల ఉన్నవాడు ఒకరి గడప తొక్కకూడదు. అది చెప్పలేడు. ఆమె లోపలికి పోయి స్టీలు చెంబుతో నీళ్లు తెచ్చింది.

"నీళ్లన్న తాగు."

"వద్దు."

చెంబు ఆమె చేతిలో కాసేపు అలాగే ఉంది. ఆమె ముఖంలో ఉన్న సంతోషం మెల్లగా పోయింది.

"వద్దా, తాగవా?"

అతను కారు వైపు చూశాడు.

"గడప తొక్కవు. నీళ్లు ముట్టవు. మా ఆయన కులం నీళ్లల్ల కలిసిందా అన్నా? బాపు గీ చెంబుతోనే తాగిండు. గా మూలకు కూసొని అన్నం తిన్నడు. ఆయనకు ఏ రోగం రాలే."

నిజమైన కారణం చెప్పడం కంటే ఆ అబద్ధాన్ని ఆమెను నమ్మనివ్వడం తేలిక. అతను అదే చేశాడు. ఆమె చెంబును గేటు పక్క గోడ మీద టప్పున పెట్టింది. నీళ్లు చిందాయి.

సైకిల్ వరండాలో ఉంది. అతను గుర్తుపట్టలేకపోయాడు. తుడిచి తుడిచి నలుపు మెరుస్తోంది. గొలుసుకు నూనె పెట్టి ఉంది. సీటుకు కొత్త మెత్తటి తొడుగు.

"నడుము నొస్తుందన్నడని సీటు కుట్టిన," అంది నీరజ. గొంతులో కోపం అలాగే ఉంది, కానీ సైకిల్‌ను తాకగానే చేతులు మెత్తబడ్డాయి. "రెండు నెలల కింద ట్రాలీ ఆటోల ఏసుకొచ్చి ఈడ ఇడిసిపెట్టిండు. ఎందుకే బాపు, నీకు అక్కెర గదనే అంటె, ఈడుంటే దానికోసమన్న మళ్ల రావాలె గద అన్నడు. మరి ఇప్పుడెందుకు తెమ్మంటున్నడు? ఇగ రాడా?"

"ఏమో. తెమ్మన్నడు."

"నీకు భయపడి తెమ్మంటున్నడు గావచ్చు."

ర్యాక్ గేర్ల సైకిళ్ల కోసం చేసింది. బాపు సైకిల్ బరువు దానికి ఎక్కువ. ఒకరు ఎత్తి పట్టుకుంటే గానీ ఇంకొకరు పట్టీలు బిగించలేరు. నీరజ కొంగు నడుముకు దోపి హ్యాండిల్ పట్టుకుంది. అతను సీటు కింద పట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్కసారి ఎత్తారు. క్యారియర్ డిక్కీ అద్దానికి తగిలింది. దించి, తిప్పి, మళ్లీ ఎత్తారు.

"నీ దిక్కు వంచు."

"వంచిన గదా."

"ఇంకింత. ఆ… పట్టుకో, ఇడువకు."

ఒక్క క్షణం పాత రోజుల్లా ఉంది. అతను పట్టీలు లాగి బిగించాడు. సైకిల్ నిలబడింది. కానీ ముందు చక్రం ఖాళీగా ఉంది, హ్యాండిల్‌తో పాటు ఇటూ అటూ తిరుగుతోంది. ఇలా వదిలేస్తే దారిలో గాలికి తిరిగి తిరిగి పట్టీ ఊడుతుంది. చక్రాన్ని ఫ్రేముకు కట్టేయాలి. దానికి వాడే చిన్న పట్టీ భూపాలపల్లిలో ఉండిపోయింది.

అతను ఆలోచించలేదు. చేతులకు అలవాటైన పని. మెడ నుంచి నడుము దాకా కప్పుకున్న తెల్ల తువ్వాల తీసి, చక్రం చువ్వల్లోంచి దూర్చి, ఫ్రేముకు చుట్టి, ముడి వేసి గుంజాడు. ఊడదు అనుకుని తలెత్తాడు.

నీరజ అతని నడుము వైపు చూస్తోంది. మొలతాడుకు దోపిన చిన్న కత్తి. కొరివి పెట్టినవాడు కర్మ అయ్యేదాకా ఇనుము దగ్గర ఉంచుకోవాలి. అది తెలియనివాళ్లు ఆ ఊళ్లలో ఎవరూ ఉండరు. ఆమె చూపు కత్తి నుంచి పెరిగిన గడ్డానికి, అక్కణ్నుంచి కిందికి, మట్టి కొట్టుకున్న ఉత్త పాదాలకు దిగింది.

"అవ్వ పోయిందా?" అంది.

అతను తల అడ్డంగా ఊపాడు.

"మరెవలు?"

అతను ముడిని మళ్లీ బిగించబోయాడు. ఆమె అతని చేయి పట్టుకుని ఆపింది.

"బాపు తెమ్మన్నడంటివి గద."

రైలు ఏదో పోతోంది. అది పోయేదాకా ఆమె ఆగింది.

"అన్నా, బాపు తెమ్మన్నడంటివి."

"పిట్ట ముట్టలే," అన్నాడు యుగేందర్. నోట్లోంచి వచ్చింది ఆ రెండు మాటలే.

ఆమె కింద కూర్చోలేదు, అరవలేదు. సైకిల్ సీటు మీద చేయి వేసి, తను కుట్టిన తొడుగును బొటనవేలితో రాస్తూ నిలబడింది.

"ఎప్పుడు?"

"మొన్న. తెల్లారంగ. దవాఖానకు తీస్కపోయేదాకా గూడ ఆగలే."

"ఫోన్ ఎవల దగ్గరున్నది?"

అతను జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని తిప్పి చూసింది.

"నేను జేస్తుంటే మోగిందా?"

"మోగింది."

"చూసినవా?"

"చూసిన."

"నేనొస్తే ఏమయ్యేదన్నా? పీనుగ లేచి ఉరికేదా? దూరంకెల్లి చూసి పోయేదాన్ని. ఆ కాళ్లొక్కసారి ముట్టుకొని పోయేదాన్ని. అవ్వ నోరెట్ల కట్టేసినవ్?"

"నీకు చెప్తే కొరివి పట్టనన్న."

ఆమె నవ్వింది. ఆ నవ్వు వినడం కంటే కొట్టించుకోవడం నయమనిపించింది అతనికి.

"పెట్టినవ్ గద కొరివి. అయిపాయె. ఇప్పుడేం పట్టనంటవ్?"

నిజమే, పట్టననడానికి ఇక ఏమీ లేదు. ఉన్న ఒక్క బెదిరింపు బాపుతో పాటు కాలిపోయింది. తను ఇన్నాళ్లు కాపాడింది పరువు అనుకున్నాడు. లోపలికి చూసుకుంటే పరువు కనబడలేదు. ఒక పిల్లవాడు కనబడ్డాడు, ముందు కడ్డీ మీద కూర్చుని, వెనక కూర్చున్నదాని చేతులు తండ్రి నడుము చుట్టూ ఉన్నాయని కుళ్లుకునేవాడు. ముందు చోటు తనది. ఉద్యోగం తనది. ఆఖరికి కొరివీ తనదే. బాపు మాత్రం సైకిల్‌ను ఇక్కడ వదిలిపెట్టాడు.

"చెల్లె," అన్నాడు.

ఆమె వినలేదేమో. మధుకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పి పెట్టేసింది. ఇంటికి తాళం వేసింది. చెప్పులు గడప దగ్గరే విడిచి, ఉత్త కాళ్లతో ఎండలో నడిచి వచ్చింది. అతను ముందు తలుపు తెరిచాడు. ఆమె దాన్ని దాటుకుని వెనక సీట్లో కూర్చుంది. పక్కకు తిరిగి, వెనక అద్దంలోంచి సైకిల్‌ను చూస్తూ, అప్పుడు ఏడ్చింది. బాపు వీపు మీద తల ఆనించినట్టు అద్దానికి నుదురు ఆనించి ఏడ్చింది.

అతను తన తలుపు మీద చేయి వేసి నిలబడ్డాడు. ఊళ్లో గట్టు మీద అవ్వ నీళ్లు తాగకుండా కూర్చుని ఉంటుంది. తామిద్దరూ దిగితే చుట్టాలు ఏమంటారో, కాకి దిగుతుందో దిగదో. దిగకపోయినా ఆశ్చర్యం లేదు. నీరజ అతనితో మళ్లీ మాట్లాడుతుందన్న నమ్మకం కూడా లేదు.

"పోనియ్యి," అంది ఆమె లోపల్నుంచి, ముఖం తిప్పకుండా. "అవ్వ నీళ్లు గూడ తాగి ఉండదు."

అతను కారెక్కలేదు. గేటు దాకా వెనక్కి నడిచాడు. గోడ మీద చెంబు అలాగే ఉంది, పైన సన్నగా దుమ్ము తేలుతోంది. మైల ఇప్పుడు ఇద్దరిదీ. ఇక అడ్డం పెట్టుకోవడానికి ఆ కారణమూ లేదు. చెంబు ఎత్తాడు. పైనుంచి గొంతులో పోసుకోలేదు. ఇంట్లోవాళ్లు తాగినట్టు, అంచుకు నోరు ఆనించి తాగాడు.